అల్‌మరియా పెరటితోట: మట్టి, నీరు, వంతు

ముస్లిం స్పెయిన్ పేరు వినగానే మనవారికి గ్రనాడాలోని అల్ హమ్రా రాజభవనమూ, అందులోని నీటి జల్లులూ కన్నుల ముందు మెదులుతాయి. ఉందులుస్ వైభవాన్ని వర్ణించే వ్యాసాలు చాలవరకు ఆ జల్లుల వద్ద ఆరంభమై అక్కడే ముగుస్తాయి. గ్రనాడా సుల్తానులకు సియెర్రా నెవాడా మంచుకొండలు అండగా ఉండేవి. వారికి నీటి కొదువ లేదు. ఆ దేశపు వ్యవసాయ విజ్ఞానం విలువ తెలియాలంటే అక్కడికి ఆగ్నేయాన, సముద్రతీరాన ఉన్న అల్‌మరియా పట్టణాన్ని చూడాలి. ఏటా సుమారు 200 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఆ ప్రాంతం ఐరోపా ఖండంలోని మిక్కిలి పొడినేలల్లో ఒకటి. వేసవిలో నెలల తరబడి చినుకు పడదు. అక్కడ ఇంటి ముందు నాలుగు పాదులు పెట్టుకోవాలన్నా ప్రతి కడవకూ లెక్క చూసుకోవలసిందే.

ఈ పట్టణంలోనే ఇబ్ను లుయూన్ (క్రీ.శ. 1282-1349) అనే విద్వాంసుడు జీవించాడు. 1348లో ఆయన వ్యవసాయంపై పదమూడు వందలకు పైగా పాదాలు గల ఒక పద్యగ్రంథాన్ని రచించాడు. పద్యమనగానే కవిత్వమని భ్రమపడరాదు. మన మదరసాలలో అరబీ వ్యాకరణాన్ని పద్యరూపంలో కంఠస్థం చేయించినట్లే, ఆయన తోటపనిని రజజ్ ఛందస్సులో కూర్చాడు. గుర్తుండాలన్నదే ఉద్దేశం. అంతకు సుమారు మూడు శతాబ్దాల పూర్వపు తులైతులా (టొలీడో) వ్యవసాయ పండితుడు ఇబ్ను బస్సాల్ రచనపై ఆయన ఎక్కువగా ఆధారపడ్డాడు. ఇబ్ను బస్సాల్ హజ్ యాత్ర చేసి, సిసిలీ, ఈజిప్టు దేశాల తోటలను కళ్ళారా చూసి వచ్చినవాడు. 1085లో తులైతులా క్రైస్తవ రాజు వశమైన పిదప ఆయన ఇష్బీలియా (సెవిల్) చేరి, అక్కడ మళ్ళీ తోట వేశాడు.

వ్యవసాయానికి మూలస్తంభాలు నాలుగని ఇబ్ను లుయూన్ చెబుతాడు: నేల, నీరు, ఎరువు, శ్రమ. ఇబ్ను బస్సాల్ నీటితో మొదలుపెట్టగా, ఇబ్ను లుయూన్ నేలను ముందు పెట్టాడు. నీరే కరువైన ఊరిలో ఉండి మట్టిని ముందు చెప్పడం తొలిచూపులో వింతగా తోచవచ్చు. దీనికి కారణం కొంతవరకు ఇస్లామీయ ధర్మశాస్త్రంలో దొరుకుతుంది.

మదీనా పరిసరాలలో మహ్‌జూర్ అనే వరదవాగు ఉండేది. వాన కురిసినప్పుడు దానిలో వచ్చే నీటిని ఎవరెంత వాడుకోవాలనే తగవు దైవప్రవక్త (సల్లం) ముందుకు వచ్చింది. ఎగువవాడు తన తోటలో నీరు చీలమండల లోతు నిలిచేవరకు పెట్టుకుని, ఆ పిమ్మట దిగువవాని కోసం వదలాలని ఆయన తీర్పు ఇచ్చారు. తరువాతి ధర్మవేత్తలు నీటి తగవులలో ఈ తీర్పును ప్రమాణంగా తీసుకున్నారు. ముందున్నవానికి మొదటి హక్కు ఉన్నది గాని, అతని హక్కుకు ఒక కొలత ఉన్నది. ఆ కొలత దాటిన నీరు పొరుగువానిది. ఇక తోటమాలికి మిగిలిన మార్గమొక్కటే: తన వంతుకు వచ్చిన ఆ నీటిని మళ్ళీ వంతు వచ్చేదాకా మట్టి పట్టి ఉంచేటట్లు చేసుకోవాలి. వ్యవసాయ గ్రంథాలలో మట్టికి అంత చోటు దక్కడం వెనుక ఈ అవసరమున్నదని గ్రహించాలి.

ఇబ్ను బస్సాల్ మట్టిని పది రకాలుగా విభజించాడు. మెత్తనిది, బరువైనది, కొండనేల, ఇసుకనేల, నల్లనిది, తెల్లనిది, పసుపుపచ్చనిది, ఎర్రనిది, ఇంకా గరుకు రకాలు. ప్రతిదానికీ వేడి, చలువ, తేమ, పొడి అనే గుణాలు చెప్పాడు. ఈ గుణాల లెక్క గ్రీకు వైద్యుల నుండి వచ్చినది. నేటి శాస్త్రం దానిని అంగీకరించదు. కాని దాని వెనుక ఉన్న పరిశీలన గట్టిది. ఇసుకనేల నీటిని వెంటనే మింగి కిందికి వదిలేస్తుంది; దానికి కొద్దికొద్దిగా, తరచుగా పెట్టాలి. బరువైన బంకనేల ఆలస్యంగా తాగి చాలాకాలం దాచుకుంటుంది గాని, ఎండితే నెర్రెలు విచ్చి వేళ్ళను తెంచుతుంది. ఒకే కాలువ నీరు ఈ రెంటికీ ఒకే తీరున పెట్టేవాడు ఏదో ఒక మడిని పోగొట్టుకుంటాడు.

రెంటికీ మందు మాగిన ఎరువే. పచ్చి పేడ వేయరాదని, కనీసం ఏడాది మాగాలని, రెండు మూడేళ్ళు మాగితే ఇంకా మంచిదని ఇబ్ను బస్సాల్ అభిప్రాయం. గుర్రాలూ గొర్రెలూ లేని ఇంటివారి మాటేమిటి? వారికోసం గడ్డీ గాదమూ, ఆకూ అలమూ, బూడిదా గోతిలో వేసి కుళ్ళబెట్టి తయారుచేసుకునే ఎరువును కూడా ఆయన తన జాబితాలో చేర్చాడు. స్నానశాలల పొయ్యి బూడిదకు సైతం అందులో చోటున్నది. ఊరి చెత్త ఊరి పెరట్లోనే మట్టిగా మారేది.

నీటి విషయంలో వాననీటికి అగ్రస్థానం. ఆ తరువాత నదులు, ఊటలు, బావులు. బావినీరు బరువైనదని అంటూనే, అది చలికాలంలో వెచ్చగా ఉంటుంది గనుక కూరగాయలకు పనికివస్తుందని ఇబ్ను బస్సాల్ గుర్తించాడు. నీరు పెట్టడానికి ముందు మడిని చదును చేయడం మరీ ముఖ్యం. వంకరగా ఉన్న మడిలో ఒక మూల నీరు నిలిచి కుళ్ళుతుంది, మరొక మూల ఎండుతుంది. తూకపుగుండు వేలాడదీసిన ముక్కోణపు చట్రంతో నేల వాలు చూసే విధానాన్ని ఇబ్ను లుయూన్ వివరించాడు. పన్నెండవ శతాబ్ది చివర ఇష్బీలియాలో విస్తృతమైన వ్యవసాయ గ్రంథం రచించిన ఇబ్నుల్ అవ్వామ్, చెట్టు మొదట కుండ పెట్టి, దాని సన్నని రంధ్రం గుండా నీరు బొట్లుబొట్లుగా వేళ్ళకు అందే పద్ధతిని పేర్కొన్నాడు. వీటన్నిటినీ ముస్లిములే కనిపెట్టారని చాటడం మనవారిలో కొందరికి అలవాటు. అది సరికాదు. రోమనుల కాలువలు, ఇరాక్ రైతుల అనుభవం వీరికి వారసత్వంగా వచ్చాయి. వీరు వాటిని పరీక్షించి, సరిదిద్ది, వ్రాసిపెట్టారు.

ఇబ్ను లుయూన్ తన గ్రంథం చివర ఇంటితోట అమరికను వర్ణించాడు. ఇల్లు ఎత్తయిన చోట, దక్షిణాభిముఖంగా ఉండాలి. ద్వారం దగ్గర బావి గాని తొట్టి గాని ఉండాలి. చెట్ల నీడన పారే కాలువ ఉంటే మరీ మేలు. తొట్టి పక్కన ఆకు రాల్చని మొక్కలు, ఆ తరువాత పూలు, నడకదారులపై ద్రాక్షపందిరి. ఇదంతా కంటికి ఇంపు కోసమేనని కొందరు వ్యాఖ్యానించారు. కాని ఎత్తున ఉన్న తొట్టినుండి నీరు తనంత తానే మడులకు దిగుతుంది, నీడన పారే నీరు తక్కువగా ఆవిరవుతుంది. అందానికీ పొదుపుకూ అక్కడ తగవు లేదు.

నీటి హక్కు వలెనే నేల హక్కునూ ఆ సమాజం మరువలేదు. పదకొండవ శతాబ్దిలో అల్‌మరియాను పాలించిన అల్ ముఅతసిమ్ తన ఉద్యానభవనాన్ని నిర్మిస్తుండగా, పనివారు అనాథల తోట ఒకదానిని అందులో కలిపేశారు. వారి సంరక్షకుడు ఫిర్యాదు వ్రాసి, రెల్లుగొట్టంలో మూసి, రాజోద్యానానికి పోయే కాలువలో వదిలాడట. అది రాజు చేతికి చిక్కింది. తోట అనాథలకు తిరిగి దక్కింది. కాలువ అక్కడ అర్జీని కూడా మోసింది.

1489లో అల్‌మరియా, 1492లో గ్రనాడా లొంగిపోయాయి. 1570లో, తిరుగుబాటు అణచివేత తరువాత, బలవంతంగా బాప్తిస్మం పొందిన ముస్లిం సంతతివారిని గ్రనాడా రాజ్యం నుండి తరలించారు. ఇక వలెన్సియా వంతు వచ్చింది. అక్కడివారిని దేశం నుండే వెళ్ళగొడుతూ 1609 సెప్టెంబరు 22న వెలువడిన ఆజ్ఞలో ఒక మినహాయింపు ఉన్నది. ఇళ్ళనూ, చక్కెర గానుగలనూ, వరి పంటనూ, నీటికాలువలనూ కాపాడి, కొత్తగా వచ్చేవారికి వాటి పని నేర్పేందుకు నూటికి ఆరు కుటుంబాలు ఉండిపోవచ్చునని ఆ ఆజ్ఞ అనుమతించింది.