పంతులమ్మ సెలవు చీటీ

పంతులమ్మ ఉద్యోగమంటే లోకానికి మహా చులకన. "మీకేమమ్మా, పొద్దున వెళ్తారు, సాయంత్రం వచ్చేస్తారు, పైగా వేసవి సెలవులు" అంటారు. ఆ పొద్దున బడిలో ఉండాలంటే చంటివాణ్ణి ఎవరి ఒళ్లో పెట్టి రావాలో మాత్రం ఎవరూ అడగరు. ఉద్యోగంలో తృప్తి అంటూ పెద్ద మాటలు మాట్లాడుకుంటాం గానీ, నన్నడిగితే అది జీతం దగ్గర కంటే ఈ ప్రశ్న దగ్గరే తేలుతుంది.

ఈ ప్రశ్న సర్కారు చెవిన పడడానికి చాలా ఏళ్లు పట్టింది. ఫ్యాక్టరీల్లో, గనుల్లో, తోటల్లో పనిచేసే ఆడవాళ్లకు 12 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది 1961 నాటి చట్టం. మన సర్కారు ఉద్యోగినులకు 120 రోజులుగా ఉన్న ప్రసూతి సెలవు 2010లో 180 రోజులయింది. పుట్టినప్పుడు సరే, ఆ బిడ్డకు జ్వరమొస్తే? ఊళ్లో పిల్లలందరినీ పరీక్షకు తయారుచేసే అమ్మకు, సొంత బిడ్డ పరీక్షలప్పుడు ఇంట్లో ఉండే వీలుండొద్దూ? కేంద్రం 2008లోనే తన ఉద్యోగినులకు 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఇచ్చింది. తెలంగాణలో 2016 నవంబరులో 90 రోజులు వచ్చాయి. అదీ సర్వీసు మొత్తానికి, విడతల వారీగా. పోనీలెండి, ఏమీ లేనిదానికంటే నయం.

చిత్రమేమిటంటే, అంతకు నెల ముందే, 2016 అక్టోబరు 11న, నల్లగొండ జిల్లా మూడు ముక్కలైంది. సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వెళ్లాయి. మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. అప్పటిదాకా ఆయన సూర్యాపేట దగ్గర, ఆవిడ మిర్యాలగూడ దగ్గర పనిచేస్తున్నా ఫరవాలేదు. జిల్లా ఒకటే గనక ఎప్పుడో ఒక కౌన్సెలింగులో దగ్గరకు చేరేవారు.

2021 డిసెంబరులో 317 జీవో వచ్చింది. ఉన్న టీచర్లను కొత్త జిల్లాలకు పంచారు. పంపకం సీనియారిటీ ప్రకారం. వినడానికి న్యాయంగానే ఉంది. పెద్దవాళ్లు కోరుకున్నచోటు పుచ్చుకున్నారు, మిగిలినచోటికి చిన్నవాళ్లు వెళ్లారు. ఇంతకీ ఆ చిన్నవాళ్లెవరు? కొత్తగా పెళ్లయినవాళ్లు, చంటిపిల్లల తల్లులు! ఎవరికి ఇల్లు దగ్గరుండాలో వాళ్లకే దూరమైంది. రాష్ట్రమంతటా ఎన్నో జంటలు చెరో జిల్లా అయ్యాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్లి ధర్నా చేశారు. 2023లో కొందరికి బదిలీలు దొరికాయి.

సెలవు చీటీ మీద 90 రోజులు రాసిచ్చి, బిడ్డ తండ్రిని పక్క జిల్లాలో ఉంచితే, ఆ తల్లి ఆ సెలవుల్ని ఎన్నాళ్లని పొదుపుగా వాడుకుంటుంది? బడిలో ఆవిడ గొంతు పిల్లలకు ఆనుతుంది. ఇంటిదగ్గర దిగులుంటే పాఠంలో అది వినబడకుండా పోదు. పిల్లలు మహా గడుసువాళ్లు, టీచరమ్మ మనసు ఇక్కడ లేదని చప్పున కనిపెట్టేస్తారు. జిల్లాల గీతలు గీసేవాళ్లు, పటంతో పాటు కోదాడ బస్టాండులో పొద్దున్నే నిలబడి ఉన్న టీచర్ల చేతుల్లోని టిఫిను డబ్బాలు కూడా ఓసారి చూస్తే బాగుండును. ఏమంటారు?