1922లో మొదలైన రెండు కథలు



మా బళ్ళారి వైపు కన్నడంలో దీన్ని ‘సక్కరె కాయిలె’ అంటారు. హోసూరు చేరితే తమిళంలో ‘సర్కరై వ్యాది’. మనం చక్కెర జబ్బు అంటాం. భాష మారినా పేరులోని చక్కెర మారలేదు. మందుల షాపుల్లో వినిపించే ఒక మాట కూడా మూడు భాషల్లోనూ ఒకటే: యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళలు వేసుకుంటే చక్కెర అదుపులోకి వస్తుందని. ఆ మాట నమ్మి, డాక్టరు రాసిన మందును సగానికి తగ్గించుకున్న పెద్దవారొకరు నాకు తెలుసు. ఇంతకీ ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎంతవరకు నిలబడింది?

1922 జనవరి 11న కెనడాలోని టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటి ఇన్సులిన్ సూది వేశారు. మందు శుద్ధంగా లేక అది సరిగా పనిచెయ్యలేదు. జేమ్స్ కాలిప్ దాన్ని శుద్ధి చేశాక జనవరి 23న మళ్ళీ వేస్తే చక్కెర దిగింది. బాంటింగ్, బెస్ట్ పేర్లు మా పిల్లలు గడగడా అప్పజెబుతారు గానీ కాలిప్ పేరు ఒక్కరికీ తెలియదు. అంతకుముందు అటువంటి పిల్లలను అర్ధాకలితో ఉంచి కొంతకాలం బతికించడమే వైద్యులకు చేతనయింది.

సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం బర్కిలీలో హెర్బర్ట్ ఇవాన్స్, కేథరిన్ బిషప్ ఎలుకల మీద ప్రయోగాలు చేస్తున్నారు. ఆహారంలో ఒక పదార్థం లోపిస్తే ఎలుకలకు పిల్లలు కలగడం లేదని గమనించారు. తర్వాత దానికే విటమిన్ ఇ అని పేరు వచ్చింది. దానికీ చక్కెర జబ్బుకూ సంబంధం ఉంటుందని అప్పుడెవరూ ఊహించలేదు.

ఆ సంబంధం మెల్లగా కుదిరింది. 1956లో, మళ్ళీ బర్కిలీలోనే, డెన్హామ్ హార్మన్ ఒక సిద్ధాంతం ప్రకటించాడు. శరీరం ప్రాణవాయువును వాడుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడతాయి, అవి కణాలను దెబ్బతీస్తాయి, ముసలితనానికి అదే కారణం అన్నాడు. డబ్బాలో నూనె నిలవ ఉంటే పాత వాసన వస్తుంది కదా, అదీ ప్రాణవాయువు పనే. విటమిన్ ఇ ఆ పనిని అడ్డుకుంటుంది. రక్తంలో చక్కెర ఎక్కువైనప్పుడు ఈ అణువులు మరీ ఎక్కువగా పుట్టి రక్తనాళాలకు, మూత్రపిండాలకు, కళ్ళకు హాని చేస్తాయని తర్వాతి పరిశోధనలు చూపాయి. అయితే విటమిన్ ఇ, సి బిళ్ళలు మింగితే సరిపోతుంది కదా అని చాలామంది అనుకున్నారు. వినడానికి ఎంతో సబబుగానే ఉంది.

కాని మనుషులపై పరీక్షిస్తే కథ అడ్డం తిరిగింది. ఇన్సులిన్ పుట్టిన కెనడా నుంచే హోప్ అనే పెద్ద పరీక్ష నడిచింది. అందులో చక్కెర జబ్బున్న 3,654 మందిలో కొందరికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ, మిగతావారికి ఉత్తుత్తి బిళ్ళ, సగటున నాలుగున్నరేళ్ళు ఇచ్చారు. 2002లో వచ్చిన ఫలితం ప్రకారం గుండెకు గాని, మూత్రపిండాలకు గాని మేలు కనబడలేదు. జబ్బు రాకుండానైనా ఆపుతుందా? అమెరికాలో కొన్ని వేలమంది మహిళలకు విటమిన్ సి, ఇ, బీటా కెరోటిన్ సుమారు తొమ్మిదేళ్ళు ఇచ్చి చూశారు. 2009లో వచ్చిన జవాబు: ఆపలేదు. అదే ఏడు జర్మనీలో కొద్దిమంది యువకులపై జరిగిన పరీక్ష ఇంకా విచిత్రం. వ్యాయామంతో ఇన్సులిన్ బాగా పనిచెయ్యాలి. ఈ బిళ్ళలు వేసుకున్నవారిలో ఆ లాభమే రాలేదు!

ఇక చక్కెర సంగతి. విటమిన్ సి ఇచ్చినప్పుడు అది కాస్త తగ్గినట్టు కొన్ని పరీక్షలు చూపిన మాట నిజమే. కాకపోతే అవి ఎక్కువగా చిన్నవి, కొద్ది వారాలవి, కొద్ది నెలలవి. అందుకే అమెరికా డయాబెటిస్ సంఘం ఈ బిళ్ళలను మామూలుగా వాడమని సలహా ఇవ్వదు. ఉసిరికాయ, ఆకుకూరలు తినడం వేరు. వాటిని ఎవరూ వద్దనలేదు.

ఇంకొక్క సంగతి. బెనెడిక్ట్ ద్రావణంతో మూత్రం కాచి చూసే పరీక్ష మనలో చాలామందికి తెలుసు. చక్కెర ఉంటే నీలం రంగు ఆకుపచ్చకో, పసుపుకో, ఇటుక రంగుకో మారుతుంది. విటమిన్ సి ఎక్కువ మోతాదులో వాడితే, అది మూత్రంలో దిగి, చక్కెర లేకపోయినా ఆ రంగు మార్చగలదు. రక్తంలో చక్కెర చూసే కొన్ని యంత్రాలనూ అది పొరపాటు పడేట్టు చేయగలదు. కాబట్టి పరీక్షకు వెళ్ళినప్పుడు ఏయే బిళ్ళలు మింగుతున్నారో, షాపులో సొంతంగా కొన్నవాటితో సహా, డాక్టరు గారికి ముందే చెప్పండి.