తెలుగు పాఠ్యనిల్వలో స్టోరేజ్ ఇంజన్ల ఎంపిక: కొలిమిగుండ్ల పేరు ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వ్రాతప్రతి భద్రంగా ఉండటం ఒకటి, అవసరమైనప్పుడు అది చేతికి అందటం మరొకటి. సరైన పట్టిక లేని భాండాగారంలో గ్రంథం ఉండీ లేనట్టేనని పాఠపరిష్కర్తలందరికీ తెలుసు. తెలుగు పాఠం డేటాబేసులకు చేరిన తరువాత ఈ సమస్యే కొత్త రూపంలో తిరిగి వచ్చింది. నంద్యాల జిల్లాలో బెలుం గుహలున్న మండలకేంద్రం కొలిమిగుండ్ల పేరును ఆధారంగా తీసుకొని ఆ సమస్యను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చెవికి 'కొలిమిగుండ్ల' అయిదు అక్షరాల పదం. యూనికోడ్‌లో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న దేనికదే లెక్క కనుక అది 12 కోడ్ పాయింట్లు అవుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు కోడ్ పాయింటుకు 3 బైట్లు, మొత్తం 36. ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తే ఇదే పేరు 12 బైట్లతో సరిపోతుంది.

రెండు ఇంజన్లు

సమాచారాన్ని డిస్కుపై ఎలా వ్రాయాలో, ఎలా వెదకాలో, యంత్రం నడుమ ఆగిపోతే ఎలా కోలుకోవాలో నిర్ణయించే భాగమే స్టోరేజ్ ఇంజన్. వెబ్‌సైట్లలో విస్తృతంగా వాడిన మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం మైఐసామ్, ఇన్నోడీబీ అనే రెండింటి మధ్యనే ఎంపిక జరిగింది. మైఐసామ్ వ్రాసేటప్పుడు సాధారణంగా పట్టిక మొత్తానికి తాళం వేస్తుంది. ఇన్నోడీబీ ఆ వరుసకు మాత్రమే వేస్తుంది. వర్తకుడు ముందు చిట్టాలో వ్రాసి తరువాత ఆవర్జాకు ఎక్కించినట్లు, ఇన్నోడీబీ మార్పులను మొదట లాగ్‌లో నమోదు చేస్తుంది. అందువల్ల హఠాత్తుగా విద్యుత్తు పోయినా లెక్క సరిచూసుకోగలదు. మైఐసామ్‌లో అటువంటి చిట్టా లేదు. సూచి చెడితే మరమ్మతు ఆదేశమిచ్చి దానిని మళ్ళీ కట్టించాలి. విద్యుత్తు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఇది చిన్న తేడా కాదు.

అయినప్పటికీ మైఐసామ్‌ను వదలలేకపోవడానికి బలమైన కారణముంది. పాఠంలోని పదాలను వెదికే పూర్తిపాఠ సూచి దానికి మాత్రమే ఉండేది. 2010లో 5.5 సంచికతో ఇన్నోడీబీ సహజ ఎంపికగా మారినా, ఆ సూచి దానికి 2013లో 5.6తో గాని రాలేదు. అంతకుముందు పూర్తిపాఠ సూచి ఉన్న పట్టికను ఇన్నోడీబీకి మార్చబోతే దోషసందేశం వచ్చేది. కనుక అసలు పాఠాన్ని ఇన్నోడీబీలో ఉంచి, వెదుకులాట కోసం ఒక నకలును మైఐసామ్‌లో ఉంచడం వాడుక అయింది. నకలు పాడైనా అసలు నుండి తిరిగి తయారు చేసుకోవచ్చు.

పేరు జారిపోయిన చోటు

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ సాఫ్ట్‌వేర్ ఈ జంట పద్ధతినే అనుసరించింది. నాటి పూర్తిపాఠ సూచికి యూటీఎఫ్-8 తెలియదు. అందుచేత మీడియావికీ తన మైఎస్‌క్యూఎల్ వెదుకులాటలో ప్రతి తెలుగు కోడ్ పాయింటునూ ఎనిమిది లాటిన్ గుర్తులుగా మార్చి సూచికి అందించేది: 'యు' అనే అక్షరం, 8 అంకె, ఆపైన మూడు బైట్లకు ఆరు షోడశాంశ గుర్తులు. ఉపాయం చక్కనిదే. కాని మైఐసామ్ సూచి 84 గుర్తులు దాటిన పదాన్ని స్వీకరించదు. ఆ హద్దును పెంచే వీలు కూడా లేదు.

లెక్క చూస్తే సంగతి తేటపడుతుంది. నంద్యాల 7 కోడ్ పాయింట్లు, అంటే 56 గుర్తులు. ఆళ్లగడ్డ 64. పొరుగున ఉన్న బనగానపల్లె 80తో అంచున గట్టెక్కుతుంది. కొలిమిగుండ్లకు 96 కావాలి. అందువల్ల ఈ అమరికను ఉన్నదున్నట్లు వాడిన సైటులో ఆ ఊరి గురించిన వ్యాసం భద్రంగానే ఉంటుంది, చదవడానికీ వస్తుంది. సూచిలో మాత్రం ఆ పేరు ఉండదు. దోషసందేశం రాదు కనుక నిర్వాహకుడికి అనుమానమూ రాదు. తెలుగు పదాల పొడవును ఎరగని పరిమితి ఇది. దీనిని సాంకేతిక లోపంగా కన్న భాషావిషయకమైన లోపంగా గుర్తించడమే సమంజసం. వికీమీడియా కాలక్రమంలో తన ప్రాజెక్టులకు లూసీన్, ఎలాస్టిక్‌సెర్చ్ వంటి ప్రత్యేక వెదుకులాట సాధనాలను వాడుకలోకి తెచ్చింది. మైఎస్‌క్యూఎల్ వెదుకులాటతోనే నడిచే చిన్న సైటులకు ఆ వెసులుబాటు లేదు.

మార్పిడి లేకుండా నేరుగా యూటీఎఫ్-8లో సూచి కట్టినప్పుడు చిక్కు తలకిందులవుతుంది. మైఐసామ్ సహజంగా నాలుగు గుర్తులకు తక్కువైన పదాన్ని వదిలేస్తుంది. 'గుహ' మూడు కోడ్ పాయింట్లు, వదిలిపోతుంది. 'గుహలు' అయిదు, నిలుస్తుంది. ఇన్నోడీబీ కనీస పరిమితి మూడు కాబట్టి అక్కడ రెండూ దక్కుతాయి. బెలుం గురించిన పాఠాలకు ఇంజన్ ఎంపిక ఇంత నేరుగా తగులుతుంది. మైఐసామ్‌లోనూ ఆ పరిమితిని తగ్గించవచ్చు గాని, సూచిని తిరిగి కట్టనిదే ఫలితం కనిపించదు. అమరిక మార్చినా పదం దొరకలేదనే ఫిర్యాదుకు తరచుగా మూలం ఇదే.

విభక్తుల చిక్కు ఏ ఇంజన్‌తోనూ తీరదు. 'కొలిమిగుండ్లలో', 'కొలిమిగుండ్లకు' సూచికి వేర్వేరు పదాలు. చివర నక్షత్రపు గుర్తు చేర్చి వెదికితే ఇవి దొరుకుతాయి. 'ఊరు' అని వెదికేవారికి 'ఊళ్ళో' దొరకదు; అక్కడ ప్రాతిపదికే మారిపోయింది. గ్రామనామాల, శాసనాల డేటాబేసు కట్టేవారు పాఠం పక్కనే ప్రాతిపదికలకు వేరొక గడి పెట్టి, దానికి సూచి కట్టవలసి ఉంటుంది. ఆ గడిని నింపడానికి వ్యాకరణం తెలిసిన మనిషి కావాలి.