యాభై క్రోనర్ల చిక్కుముడి

రక్తానికి డబ్బిస్తే ఇచ్చేవాళ్లు పెరుగుతారా, తగ్గుతారా? ఎవరిని అడిగినా పెరుగుతారనే అంటారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ప్రొఫెసర్ రిచర్డ్ టిట్మస్ మాత్రం 1970లో అడ్డం తిరిగాడు. ఊరికే ఇచ్చే బ్రిటన్‌ని, అమ్ముకోవడం కూడా ఉన్న అమెరికాని పక్కపక్కన పెట్టి రెండు మాటలన్నాడు: కొన్న రక్తంలో కామెర్ల ముప్పు ఎక్కువ, పైగా డబ్బు వచ్చి చేరితే దాతలు తప్పుకుంటారు.

మొదటి మాట నిలబడింది. డబ్బు కోసం వచ్చినవాడు ఉన్న జబ్బు దాస్తాడు కదా. 1978లో అమెరికా ప్రతి సంచీ మీదా అది కొన్నదో, దానంగా వచ్చిందో రాయాలంది. ఆసుపత్రులు కొన్నదాని జోలికి పోవడం మానేశాయి.

రెండో మాటే పీటముడి. అమ్మేవాడు అమ్ముకుంటే ఊరికే ఇచ్చేవాడి మనసెందుకు విరగాలని ఆర్థికవేత్త కెనెత్ యారో 1972లో నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. రెండు దేశాలను పోల్చినంత మాత్రాన దానికి జవాబు రాదు. ఒకే ఊళ్లో, ఒకేలాంటి మనుషుల దగ్గర డబ్బు పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి చూడాలి.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో అదే చేశారు. ఫలితాలు 2008లో వచ్చాయి. అంతకుముందు రక్తం ఇవ్వని విద్యార్థులను దాతలుగా చేరతారా అని అడిగితే అమ్మాయిల్లో 52 శాతం సరే అన్నారు. 50 క్రోనర్లు ఇస్తామనేసరికి అది 30కి పడింది. అబ్బాయిల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంకో గుంపుకి, కావాలంటే ఆ సొమ్ము క్యాన్సర్ పిల్లల సంస్థకు రాసివ్వొచ్చన్నారు. అమ్మాయిల అంకె 53!

టిట్మస్ గెలిచాడని చాలామంది 30 దగ్గరే ఆగిపోతారు. నాకు 53 ముఖ్యం. డబ్బే విషమైతే ఆ అంకె మళ్లీ లేవకూడదు. నోటు ఉన్నచోటే ఉంది; పోయిందల్లా ‘డబ్బుకోసం వచ్చింది’ అనిపించుకుంటామన్న జంకు.

మరి స్విట్జర్లాండ్‌లో లాటరీ టికెట్ ఇస్తే దాతలు పెరిగారే? అమెరికాలో ఒహాయో రాష్ట్రపు రెడ్ క్రాస్ శిబిరాల్లో బహుమతి వస్తువులకూ జనం పెరిగారే? స్విస్ ప్రయోగంలో ఉన్నది అంతకుముందే ఇచ్చినవాళ్లు. తమ మంచితనం ఎవరికీ రుజువు చేయక్కర్లేనివాళ్లు. రేపు చూద్దాంలే అనుకునేవాళ్లని ఇవాళ కదిలించడానికి ఏదో ఒకటి చాలు. ఒహాయోలో మరో సంగతి కూడా బయటపడింది: పెరిగిన జనంలో కొంతభాగం పక్క శిబిరాలకు వెళ్లాల్సినవాళ్లే.

అంటే డబ్బు చుట్టూ ఇన్నేళ్లు వాదించుకున్నది మొదటి అడుగు గురించీ, ఫలానా రోజు రావడం గురించీ. మళ్లీ మళ్లీ రావడం సంగతి వేరు. మొదటిసారి కళ్లు తిరిగి పడినవాళ్లు, హిమోగ్లోబిన్ చాలదని వెనక్కి పంపబడ్డవాళ్లు తిరిగి రావడం తక్కువ. మన దేశంలో రక్తమివ్వాలంటే హిమోగ్లోబిన్ డెసిలీటరుకు కనీసం 12.5 గ్రాములు ఉండాలి. రక్తహీనత ఇంత ఉన్నచోట ఆ గీత దగ్గర ఆగిపోయే ఆడవాళ్లెందరో!

సుప్రీంకోర్టు 1996 తీర్పుతో ఇక్కడ రక్తం అమ్మకం 1998 జనవరి 1 నుంచి ఆగింది. డబ్బు తీసేశాం, అలవాటు మాత్రం దానంతటది రాలేదు. బావగారి ఆపరేషన్‌కి ఒక యూనిట్ ఇచ్చినవాడికి అక్కడితో బాకీ తీరిపోయింది. హీరో పుట్టినరోజు శిబిరంలో ఇచ్చినవాడు మళ్లీ పుట్టినరోజుకే కనిపిస్తాడు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఆ గడువు తీరిన రోజున బ్లడ్ బ్యాంక్ నుంచి ఒక ఫోన్ వెళ్తే ఎంతమంది కదులుతారో ముందు చూడాలి. బహుమతి టీషర్టుల లెక్క తర్వాత.