నిజాం గారి టిఫిన్ క్యారియర్, మా అత్తమ్మ బిందె

టోలిచౌకిలో ఉండే మాకు చుట్టాలొస్తే గోల్కొండ, ఏడు గుంబజులు ఎలాగూ దగ్గరే. పిల్లలు మారాం చేస్తే సాలార్‌జంగ్ మ్యూజియం. గడియారం గంట కొట్టేదాకా కూర్చుని, పలుచని రాతి ముసుగు వేసుకున్న రెబెక్కాను చూసి వచ్చేస్తాం. అక్కడికి కాస్త దూరంలోనే పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది. దానికి మాత్రం చాలామంది వెళ్లరు. నన్నడిగితే ఆడవాళ్లు ముందు చూడాల్సింది అదే. ఎందుకంటే అది పెట్టుపోతల మ్యూజియం.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కింది 1911లో. పాతికేళ్ల పండుగ 1936లో జరగాలి కానీ, ఆ జనవరిలో ఇంగ్లండు రాజు ఐదో జార్జి చనిపోవడంతో 1937 ఫిబ్రవరికి జరిగింది. అప్పుడొచ్చిన కానుకలే ఇక్కడ ఎక్కువ. వెండితో చేసిన భవనాల బొమ్మలు, అత్తరుదానులు, రాళ్లు పొదిగిన కాఫీ కప్పులు. వేడుకనాడు ఆయన కూర్చున్న బంగారు పూత సింహాసనం కూడా ఉంది. 2000లో వీటన్నిటినీ జనం చూసేలా మ్యూజియం తెరిచారు.

అక్కడే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా ఉంది. బీరువా అంటే మనది కాదు, 240 అడుగుల పొడవు, రెండంతస్తులు! ఒకసారి కట్టిన బట్ట మళ్లీ కట్టేవాడు కాదని చెప్పుకుంటారు. కొడుకు చూస్తే, ఏళ్ల తరబడి ఒకే టోపీతో గడిపాడని పేరు. ఆ కొడుకునే 1937 ఫిబ్రవరిలో అమెరికా టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసింది. తండ్రి దులపరి, కొడుకు పొదుపరి. మన ఇళ్లలో మాత్రం లేరా?

ఇక టిఫిన్ క్యారియర్ సంగతి. మూడు గిన్నెలది, బంగారంతో చేసింది, బరువు రెండు కిలోల దాకా. వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగారు. 2018 సెప్టెంబరులో ఒక రాత్రి ఇద్దరు దొంగలు వెంటిలేటర్ లోంచి తాడుతో దిగి దాన్నీ, ఒక కప్పూ సాసరూ చెంచానూ ఎత్తుకుపోయారు. పదిరోజుల్లోపే పోలీసులు పట్టుకున్నారు. దొంగల్లో ఒకడు రోజూ అందులోనే అన్నం తిన్నాడని పోలీసులే చెప్పారు. కరిగించేసి ఉంటే రెండు కిలోల బంగారం మిగిలేది, నిజాం టిఫిన్ క్యారియర్ మిగిలేది కాదు.

మా అత్తమ్మకు ఈ కథ చెబితే ముందు నవ్వింది. తర్వాత, "గంత బంగారం పెట్టుకొని ఆయన ఒక్కనాడన్న దాంట్ల తిన్నడా బిడ్డా?" అని అడిగింది.

ఆమె అలా అడగడానికి కారణం ఉంది. ఊళ్లో ఇల్లు అమ్మేశారు. ఇత్తడి, రాగి సామాను మొత్తం తూకానికి ఇచ్చేద్దామని మా మరిది అంటున్నాడు. ఫ్లాట్లలో ఎవరికీ చోటు లేదు, అది నిజమే. కానీ ఆ బిందెల అంచున పేర్లున్నాయి. మన ఇళ్లలో గిన్నె కొనగానే పేరు కొట్టించే అలవాటు ఉంది కదా. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఏ పెళ్లికి, ఏ తేదీ, అన్నీ ఆ చుక్కల అక్షరాల్లోనే. నిజాంకు కానుకలిచ్చినవాళ్లు సన్మాన పత్రాలు జతచేశారు. మా అత్తమ్మ పుట్టింటివాళ్లు బిందె మీదే రాయించారు. ఆమె పేరు ఇంటి పత్రాల్లో లేదు, పొలం పాసుపుస్తకంలో లేదు. ఇత్తడి మీద ఉంది.

నిజాం నగలు 173 వస్తువులను ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్నది. అవి రిజర్వు బ్యాంకు లాకర్లలో ఉంటాయి, ఎప్పుడో ఒకసారి బయటికి తెచ్చి చూపిస్తారు. మా బిందెలకు ఆ అదృష్టం ఎలాగూ లేదు. అందుకని మరిదితో ఒక నెల ఆగమన్నాను.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆమె ఒక్కో గిన్నె ఒళ్లో పెట్టుకుని చింతపండుతో రుద్ది, వేలితో తడుముతూ పేరు చదువుతుంది. నేను మా పాప పాత నోట్‌బుక్‌లో రాసుకుంటాను, ఫోన్లో ఫొటో తీస్తాను. ఇరవై మూడు అయ్యాయి. వాటిలో పద్నాలుగు ఆడవాళ్లు ఇచ్చినవే. నాలుగైదు ఇక్కడే ఉంచేస్తాం, తాగే నీళ్లకు ఒక బిందె ఇప్పటికే వంటింట్లోకి వచ్చింది. నిన్న రాగి చెంబు మీద ఒక పేరు దగ్గర ఆగిపోయింది. చిన్నప్పుడే పోయిన మేనత్తట. నేను ఆమె ముఖం ఎలా ఉండేదని అడిగాను. "యాదికి లేదు. చెంబు మాత్రం ఆమె చేతుల్లో ఉన్నట్టే యాదికున్నది" అంది.

ఇంకా రెండు గోనెసంచులు విప్పాల్సి ఉంది.