పెరట్లో సేజ్, పుస్తకాల్లో మగవాళ్ళు

ఊదారంగు సేజ్‌ని గింజ వేసి పెంచలేం. గింజ మొలుస్తుంది, మొక్కా వస్తుంది. కానీ వచ్చిన వాటిలో చాలావరకు మామూలు బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ సేజ్‌గానే తేలతాయి. ఆ ఊదారంగే కావాలంటే ఉన్న మొక్క నుంచి కొమ్మ తుంచి గుచ్చుకోవాల్సిందే. అంటే ఈరోజు ఎవరి పెరట్లో ఈ మొక్క ఉన్నా అది ఇంకెవరి పెరట్లోంచో వచ్చిన కొమ్మే. వాళ్ళకి మరొకరు ఇచ్చి ఉంటారు. అలా వెనక్కి పోతూ ఉంటే తరాల తరబడి చేతులు మారిన కొమ్మ కనిపిస్తుంది గానీ ఆ చేతులు ఎవరివో కనిపించవు.

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, ఇది నాకు కొత్త కాదు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చినప్పటి నుంచి మనలో చాలామందిమి వెతుకుతున్నది ఆ చేతుల్నే కదా! అయితే ఒక మొక్కని పట్టుకుని కూడా వెతకొచ్చని నాకు తట్టింది ఇంగ్లండ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్న రోజుల్లో.

సేజ్ మనకి మరీ పరాయిది కాదు. తులసి, పుదీనా, మరువం, మనం బజ్జీలు వేసుకునే వామాకు, అన్నీ దీని చుట్టాలే. ఆకు నలిపితే కర్పూరం కలిసిన ఘాటు వాసన. ఆకు మీద సన్నటి నూగు. పుట్టిల్లు మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న రాతిగుట్టలు. (మన నర్సరీల్లో 'సాల్వియా' అని అమ్మే ఎర్రపూల మొక్క వేరు, దాన్ని వంటలో వెయ్యకండి.) శాస్త్రీయ నామం సాల్వియా అఫిసినాలిస్. సాల్వియా అనేది ఆరోగ్యంగా ఉండటం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. రెండో మాటకి మందులు నిలవచేసే గదికి చెందినదని అర్థం. మఠాల్లో ఉండే ఆ గదికి పేరులో చోటు దొరికింది, పెరటికి దొరకలేదు.

పెంచడం తేలికే. దానికి కావలసింది ఎండ, నీరు నిలవని నేల. ఇంగ్లండ్ చలిని అది ఓర్చుకుంటుంది, చలికాలపు తడిని మాత్రం ఓర్చుకోదు, వేర్లు కుళ్ళిపోతాయి. అందుకే కుండీలో ఇసుక, సన్నరాళ్ళు ఎక్కువ కలిపి వేస్తారు. మన దగ్గర పెంచాలనుకునే వాళ్ళకి కష్టం వచ్చేది వానాకాలంలోనే, చూరు కింద పెట్టుకోవాలి. లేత ఆకులు ఊదాగా వచ్చి ముదిరేకొద్దీ బూడిద పచ్చకి తిరుగుతాయి. నీడలో పెడితే ఆ ఊదా కూడా పలచబడుతుంది. మూడు నాలుగేళ్ళకి మొదలు కట్టెబారి మధ్యలో బోసిపోతుంది. వసంతంలో పచ్చటి భాగం వరకే కత్తిరించాలి, ముదురు కట్టెలోకి కోస్తే మళ్ళీ చిగురు వేయకపోవచ్చు. వేసవిలో వేలెడంత కొమ్మలు కోసి, కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే కొన్ని వారాల్లో వేళ్ళు పోసుకుంటాయి.

ఈ కత్తిరింపు సంగతి తొమ్మిదో శతాబ్దంలోనే ఒకాయన రాశాడు. రైఖెనావ్ మఠాధిపతి వాలాఫ్రిడ్ స్ట్రాబో తన తోట గురించి లాటిన్‌లో ఒక కావ్యం చెప్తూ మొట్టమొదట సేజ్‌నే ఎత్తుకున్నాడు. కొత్త చిగుళ్ళని కొయ్యకపోతే అవి తల్లి మొక్కని చంపేస్తాయని, అది అంతర్యుద్ధమని ఆయన ఊహ. అంతకు కొన్ని దశాబ్దాల ముందు, 800 ప్రాంతంలో, షార్లమేన్ చక్రవర్తి భూముల్లో పెంచాల్సిన మొక్కల జాబితాలో కూడా సేజ్ ఉంది. మఠాధిపతీ చక్రవర్తీ ఇద్దరూ రాతలో ఉన్నారు. కలుపు తీసినవాళ్ళు, ఆకు కోసి ఎండబెట్టినవాళ్ళు, జ్వరమొచ్చిన పిల్లాడి పక్కన కూచుని కషాయం పట్టినవాళ్ళు లేరు.

రాసిన వాళ్ళు ఏం రాశారన్నది మరో కథ. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయస్కోరిడిస్, ఈ ఆకుల కషాయం మూత్రాన్ని, ముట్టుని, పిండాన్ని కిందికి దింపుతుందని రాశాడు. జుట్టు నల్లబరుస్తుందని కూడా అన్నాడు. 1652లో లండన్‌లో నికలస్ కల్‌పెపర్ అచ్చువేసిన ఇంగ్లీషు మూలికల పుస్తకంలో డయస్కోరిడిస్ పేరు చెప్పి మళ్ళీ ఇవే గుణాలు వచ్చాయి. మూత్రం ఉంది, ముట్టు ఉంది, జుట్టు నలుపూ ఉంది. 'పిండం' ఉన్నచోట మాత్రం 'చచ్చిన బిడ్డ' ఉంది! ఒక్క విశేషణం చేరింది. గర్భం వద్దనుకున్న ఆడమనిషి ఆ ఒక్క విశేషణంతో పుస్తకంలోంచి మాయమైపోయింది. అయినా పుస్తకం విప్పిన ఇల్లాలికి ఆ మాట వెనకున్నదేమిటో అర్థం కాకుండా ఉంటుందా? 'ముట్టు తెప్పించే' మందులంటే ఏమిటో మన అమ్మమ్మలకి తెలియదా? (ఈ గుణాల మూలాన్నే గర్భిణులు సేజ్‌ని మందులా తాగకూడదంటారు. ఇందులో ఉండే థుజోన్ అనే పదార్థం ఎక్కువైతే మూర్ఛ కూడా వస్తుంది. వంటలో వేసే నాలుగాకులతో భయం లేదు.)

ఇంగ్లండ్ చట్టాలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. కమ్మరులు, సాలెవాళ్ళు, ఆడవాళ్ళు కూడా వైద్యం చేసేస్తున్నారని వాపోతూ 1512లో ఒక చట్టం వచ్చింది, ఇకపై బిషప్ అనుమతి ఉండాలని. సుమారు ముప్ఫై ఏళ్ళకి ఎనిమిదో హెన్రీ కాలంలోనే ఇంకో చట్టం వచ్చింది. డబ్బుకి ఆశపడే సర్జన్లు, మూలికలు తెలిసిన మంచి మనుషుల్ని, ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ, కోర్టులకీడ్చి వేధిస్తున్నారని, పైపుండ్లకీ వాపులకీ వాళ్ళు మందివ్వొచ్చని. మన ఊళ్ళలో మంత్రసాని బతుకు గుర్తుకొచ్చింది నాకు. కావలసినప్పుడు ఇంట్లోకి పిలుస్తారు, పురుడయ్యాక మైల అంటారు.

మా అమ్మాయి పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉండేది. నాకు ఊదా సేజ్ కొమ్మ ఇచ్చింది ఆవిడే. ఆవిడ దగ్గర వాళ్ళమ్మ రాసిపెట్టిన వంటల నోట్‌బుక్ ఉంది. అలాంటి చేతిరాత పుస్తకాలు పదిహేడో శతాబ్దం నుంచీ ఇంగ్లీషు ఇళ్ళలో తల్లి నుంచి కూతురికి వస్తూనే ఉన్నాయి. లండన్‌లో వెల్‌కమ్ లైబ్రరీ వాటిని పెద్ద ఎత్తున సేకరించింది. ఒక పేజీలో జామ్, దాని కిందే దగ్గుకి మందు! మా పెద్దావిడ పుస్తకంలో సేజ్ మూడుచోట్ల ఉంది. క్రిస్మస్‌కి బాతు కడుపులో కూరే ఉల్లిపాయ-సేజ్ మిశ్రమం, గొంతునొప్పికి కషాయంలో వెనిగర్ కలిపి పుక్కిలించడం, తేనె వేసిన సేజ్ టీ. ఊదా సేజ్‌ని ఇంగ్లీషు మూలికల వాళ్ళు రెడ్ సేజ్ అంటారు, గొంతుకి అదే మేలని వాళ్ళ పట్టు.

ఒకరోజు ఆవిడ మాటల్లో నాలుగో వాడకం చెప్పింది. తన మొదటి బిడ్డ పుట్టిన రెండో రోజున పోయిందట. పాలు ఆగకుండా వచ్చేస్తుంటే వాళ్ళమ్మ రోజుకి మూడుసార్లు సేజ్ టీ తాగించిందట. "పుస్తకంలో లేదేం?" అన్నాను. "అది అందరికీ తెలుసుగా" అంది.

నాకు వెంటనే మా పిన్ని గుర్తొచ్చింది. పిన్నికి చచ్చిన బిడ్డ పుట్టినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా అమ్మమ్మ మల్లెమొగ్గలు కుప్ప పోసుకుని గుడ్డలో పరిచి పిన్ని రొమ్ములకి కట్టింది. వాడిపోగానే విప్పి కొత్తవి కట్టేది. 'ఎండాకాలం కాబట్టి సరిపోయింది, లేకపోతే మల్లెలెక్కడ దొరికేవి' అని చుట్టాలు అనుకోవడం విన్నాను. ఆ తర్వాత పిన్ని జడలో మల్లెపూలు నేను చూడలేదు. 1988లో మన దేశపు వైద్యులు కొందరు ఈ మల్లెపూల కట్టుని, పాలు ఆపడానికిచ్చే బ్రోమోక్రిప్టిన్ బిళ్ళనీ పోల్చి చూసి ఒక ఆస్ట్రేలియా వైద్య పత్రికలో రాశారు. బిళ్ళ హార్మోన్‌ని ఎక్కువ తగ్గించింది గానీ పాలు ఆపడంలో పూలు వెనకబడలేదని తేలింది. 1994లో, గుండెపోటు, పక్షవాతం కేసుల ఫిర్యాదుల తర్వాత, అమెరికాలో ఆ బిళ్ళని పాలు ఆపడానికి వాడటం మానిపించారు. మా అమ్మమ్మకి చదువు రాదు, ఈ వ్యాసం ఆమెకి చేరే దారీ లేదు.

మరి ఆడవాళ్ళు రాసిన సేజ్ ఎక్కడా లేదా? ఉంది. కాకపోతే వాళ్ళు కాగితం దాకా రావడానికి ఏదో ఒక అసాధారణ పరిస్థితి కావాల్సి వచ్చింది. పన్నెండో శతాబ్దపు జర్మనీలో హిల్డెగార్డ్‌కి అది సన్యాసినుల మఠం. పెళ్ళీ పిల్లలూ లేని చోట చదువుకీ తోటకీ వీలు దొరికింది. సేజ్ వేడి, పొడి గుణం కలది, నేల తేమకన్నా ఎండ వేడితోనే ఎక్కువ పెరుగుతుందని ఆమె రాసింది. కుండీలో నీళ్ళు ఎక్కువై మొక్క చచ్చిపోయిన ఎవరికైనా ఆ మాట విలువ తెలుస్తుంది. తన దర్శన గ్రంథాల్లో ఇదంతా దైవవాణి అని చెప్పుకున్న హిల్డెగార్డ్ మూలికల దగ్గర దేవుణ్ణి సాక్ష్యం పిలవలేదు.

ఎలిజబెత్ బ్లాక్‌వెల్‌ది మొగుడి అప్పు. అతను లండన్ అప్పులవాళ్ళ జైల్లో ఉన్నాడు. ఆమె చెల్సీ మందుమొక్కల తోట పక్కనే గది అద్దెకు తీసుకుని, రోజూ మొక్కలు చూసి బొమ్మలు గీసి, రాగి రేకుల మీద తనే చెక్కి, అచ్చయ్యాక రంగులు తనే వేసింది. 1737 నుంచి 1739 దాకా వారానికి నాలుగు బొమ్మల చొప్పున వచ్చిన 'ఎ క్యూరియస్ హెర్బల్'లో 500 మొక్కలున్నాయి, సేజ్ కూడా. ఆ డబ్బుతో అతను బయటపడ్డాడు. తర్వాత స్వీడన్ వెళ్ళి రాజకీయ కుట్ర కేసులో 1747లో మరణశిక్షకి గురయ్యాడు. చెల్సీ తోటకి వెళ్ళినప్పుడు నేను చూడాలనుకున్నది మొక్కల్ని కాదు, ఆమె నడిచిన దూరాన్ని. గేటు దాటితే స్వాన్ వాక్, ఆమె ఉన్న వీధి అదే. ఇంత చేసీ, మందుగుణాల వివరాలు చాలావరకు జోసెఫ్ మిల్లర్ అనే ఆయన పుస్తకం నుంచి తీసుకోవాల్సి వచ్చింది ఆమె. బొమ్మ మాత్రం తన కన్ను చూసింది.

మాడ్ గ్రీవ్‌కి యుద్ధం. కొన్నేళ్ళు ఇండియాలో ఉండి వెళ్ళిన ఈమె బకింగ్‌హమ్‌షైర్‌లో మందుమొక్కల తోట పెట్టింది. 1914లో జర్మనీ, ఆస్ట్రియాల నుంచి మూలికలు ఆగిపోగానే దేశానికి ఆ తోట అవసరమైంది. ఎలా పెంచాలో, ఎలా ఎండబెట్టాలో నేర్పింది, ఒక్కో మొక్క మీద కరపత్రాలు రాసింది. వాటిని హిల్డా లేయెల్ అనే ఇంకో స్త్రీ సరిచేసి కూర్చగా 1931లో రెండు భాగాల 'ఎ మోడర్న్ హెర్బల్' వచ్చింది. అందులో సేజ్‌కి పెంపకమూ వంటా మందూ కలిపి పేజీలకి పేజీలు ఉన్నాయి. లేయెల్ 1927లో లండన్‌లో మూలికల దుకాణం కూడా తెరిచింది. ఆ దుకాణానికి ఆమె పెట్టిన పేరు ఏమిటనుకున్నారు? కల్‌పెపర్!

యూరప్‌లో 2004లో వచ్చిన నిబంధన ప్రకారం ఒక మూలికని సంప్రదాయ మందుగా నమోదు చేయాలంటే ముప్ఫై ఏళ్ళ వాడకానికి రుజువు చూపాలి, అందులో పదిహేనేళ్ళు యూరోపియన్ యూనియన్‌లోనే అయ్యుండాలి. రుజువంటే కాగితమే. సేజ్ ఆకుకి యూరప్ మందుల సంస్థ అంగీకరించిన సంప్రదాయ వాడకాల్లో అజీర్తి ఉంది, నోరు-గొంతు పూత ఉంది, అతిగా చెమట పట్టడం ఉంది. ముట్లుడిగే వయసులో రాత్రిళ్ళు ఒళ్ళంతా తడిసి లేచే ఆడవాళ్ళు సేజ్ టీ తాగేది ఈ చివరిదాని కోసమే. పాలు ఆపడం ఆ జాబితాలో లేదు.