ఎర్రకంకరలో శ్రమజీవులు

అభ్యుదయ కళను వస్తువును బట్టే నిర్ణయించవచ్చునా? కూలివాని బొమ్మ వేసినంత మాత్రాన చిత్రకారుడు కూలివాని పక్షాన నిలిచినట్లేనా? ఈ ప్రశ్నకు రామ్‌కింకర్ బైజ్ జీవితం మంచి సమాధానం.

ఆయన 1906లో బెంగాలులోని బంకురాలో, క్షురకవృత్తితో బతికే పేద కుటుంబంలో పుట్టాడు. సహాయనిరాకరణోద్యమ కాలంలో నాయకుల చిత్రాలు గీసేవాడు. రామానంద ఛటర్జీ ప్రోత్సాహంతో 1925లో శాంతినికేతనం చేరి నందలాల్ బోసు శిష్యుడయ్యాడు. తరువాత అక్కడే అధ్యాపకుడయ్యాడు.

1938లో ఆయన ఆరుబయట “సంతాల్ కుటుంబం” నిలిపాడు. కంచుకూ చలువరాతికీ డబ్బు లేదు. ఇనుప చట్రం కట్టి, ఆ నేలలో దొరికే ఎర్రకంకరను సిమెంటులో కలిపి, ముద్దలుగా వేసి మలచాడు. కావడి మోసే పురుషుడు, బుట్టలో బిడ్డ, పక్కన స్త్రీ, వెంట కుక్క. పొట్టకూటికి ఊరు విడిచిన మనుషులే. అయినా వారి నడకలో దైన్యం లేదు. 1956 నాటి “మిల్లు పిలుపు”లో కూత విని ఇద్దరు సంతాల్ స్త్రీలు పరుగెత్తుతారు. తడిచీరలు గాలికి ఆరుతుంటాయి. పల్లె కూలి మిల్లు కూలిగా మారుతున్న చరిత్ర ఆ పరుగులో ఉంది.

అంతకు ముందు బహిరంగ స్థలాల్లో పీఠాలెక్కినవారు ఎక్కువగా రాజులూ, దొరలూ. రామ్‌కింకర్ తన మనుషులను వారు నడిచే మట్టితోనే చేసి, వారు నడిచే దారి పక్కనే నిలిపాడు. కంకర గరుకును నునుపు చేయలేదు. పేదరికం ఆయనకు ముడిసరుకును నిర్ణయించింది. దానిని శిల్పధర్మంగా మార్చినది ఆయన దృష్టి. 1980లో ఆయన మరణించాడు. వస్తువునూ శిల్పాన్నీ విడదీసి వాదించే మనకు ఆ ఎర్రకంకర నేటికీ పాఠమే.